బైపాస్‌కు ముందు ఏసీటీ చూడటం ఎలా?

గుండె ఆపరేషన్‌లో రోగి రక్తాన్ని హార్ట్-లంగ్ మిషన్ గొట్టాల్లోకి మళ్లించే ముందు, అది గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. ఆ మందు పట్టిందో లేదో ల్యాబ్‌కు పంపి కనుక్కునేంత వ్యవధి ఉండదు. అందుకే రోగి పక్కనే ఏసీటీ (యాక్టివేటెడ్ క్లాటింగ్ టైమ్, అంటే రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) చూస్తారు. ఏసీటీ మిషన్ నడపడం తొందరగానే వచ్చేస్తుంది. తిప్పలన్నీ శాంపిల్ దగ్గరే.

హెపారిన్ ఇవ్వకముందే ఒకసారి చూసి రాసిపెట్టుకోండి. పరికరాన్ని బట్టి 100 సెకన్లకు కాస్త అటూ ఇటూ వస్తుంది. తర్వాత పోల్చుకోవడానికి అదే ఆధారం.

హెపారిన్ ఎక్కించిన లైన్ నుంచి శాంపిల్ తీయకండి. ఆర్టీరియల్ లైన్ ఫ్లష్‌లోనూ హెపారిన్ కలిపి ఉండొచ్చు. అందుకే ముందు వచ్చే 5 నుంచి 10 మి.లీ. వేరే సిరంజిలోకి లాగి, ఆ తర్వాతి రక్తమే పరీక్షకు వాడండి. ఈ ఒక్కటి మరిచారో, అంకె ఎక్కువ చూపి మిమ్మల్ని నమ్మిస్తుంది.

ట్యూబు రకం మిషన్ అయితే, రక్తం లోపల పడిన క్షణమే స్టార్ట్ నొక్కాలి. ట్యూబు బాగా ఆడించి, 37 డిగ్రీల వేడి ఉన్న గుంటలో పెట్టండి. తిరుగుతున్న ట్యూబు అడుగున చిన్న అయస్కాంతం కదలకుండా నిలిచి ఉంటుంది. గడ్డ ఏర్పడగానే అది అయస్కాంతాన్ని తనతో లాక్కుపోతుంది, టైమర్ ఆగుతుంది.

హెపారిన్ డోసు 60 కిలోల మనిషికి కిలోకు 300 యూనిట్ల లెక్కన 18,000 యూనిట్లు. ఇచ్చిన మూడు నుంచి ఐదు నిమిషాలకు మళ్లీ చూడండి. చాలాచోట్ల 480 సెకన్లు దాటితేనే బైపాస్‌కు వెళ్తారు. మీ థియేటర్ పెట్టుకున్న హద్దు ముందే అడిగి తెలుసుకోండి. అంకె అక్కడిదాకా రాకపోతే మరికొంత హెపారిన్ ఇస్తారు. అయినా కదలకపోతే యాంటీథ్రాంబిన్ తక్కువుందేమోనని అనుమానించి, ప్లాస్మా లేదా ఆ కాన్సన్‌ట్రేట్ ఇచ్చే సంగతి ఆలోచిస్తారు. ఆ నిర్ణయం ఎనస్తీషియా డాక్టరుది. మీరు అంకెను గట్టిగా, అందరికీ వినిపించేలా చెప్పాలి.

బైపాస్ మీద ఉన్నంతసేపూ అరగంటకోసారి చూస్తుండాలి. శరీరం చల్లబడినా, రక్తం పలచబడినా ఏసీటీ తనంతట తానే పెరుగుతుంది కాబట్టి, పెద్ద అంకె చూసి హెపారిన్ చాలినంత ఉందనుకోకూడదు.

చివర్లో హెపారిన్‌కు విరుగుడుగా ప్రోటమిన్ ఇచ్చాక అంకె మొదటి దానికి దగ్గరగా రావాలి. వచ్చినా రక్తం ఊరుతూనే ఉంటే, ప్లేట్‌లెట్లో ఫైబ్రినోజనో తగ్గి ఉండొచ్చు. ఏసీటీకి ఆ తేడా తెలీదు. అప్పుడు గడ్డ కట్టే తీరును చూపే టీఈజీ గానీ రోటెమ్ గానీ పెట్టించాలి. అలవాటుగా ఇంకో డోసు ప్రోటమిన్ ఇస్తూ పోకూడదు, ఎక్కువైతే అదీ రక్తస్రావం పెంచుతుంది.