మండేది రాయా, ఉక్కా? – స్ట్రైకర్ ఎంపికలో రసాయనశాస్త్రం

పర్వతారణ్యాలలో కాలినడకన విహరించేవారి సంచిలో నిప్పు పుట్టించే సాధనం ఒకటి తప్పనిసరి. అగ్గిపుల్లలు తడిస్తే నిరుపయోగాలు. బ్యూటేన్ మరుగు ఉష్ణోగ్రత సున్నాకు సుమారు అర డిగ్రీ సెల్సియస్ మాత్రమే దిగువ. అందుచేత గడ్డకట్టే చలిలో లైటరు మొరాయిస్తుంది. ఫెర్రోసీరియం కడ్డీకి ఈ రెండు లోపాలూ లేవు. తడిసినా తుడిచి గీకితే చాలు, రవ్వలు రాలుతాయి. అయితే కొనేవారు కడ్డీ పొడవునూ మందాన్నీ చూసినంత శ్రద్ధగా దానిని గీకే ఉక్కు రేకును, అంటే స్ట్రైకర్‌ను, చూడరు. వానలో తడిసి, వేళ్లు కొయ్యబారిన వేళ నిప్పు రాజుకొనడం చాలావరకు ఆ రేకు అంచు మీదనే ఆధారపడి ఉంటుంది.

స్ట్రైకర్ కర్బనం అధికంగా గల ఉక్కుతోనే చేసినదై ఉండాలన్న అభిప్రాయం విస్తృతంగా ఉంది. చెకుముకి విషయంలో ఇది యథార్థం; ఫెర్రోసీరియం విషయంలో కాదు. ఈ భేదం బోధపడాలంటే ఒక ప్రశ్న వేసుకోవాలి: రెండు వస్తువులు రాచుకొన్నప్పుడు మండేది ఏది?

చెకుముకి రాయిని ఉక్కుతో కొట్టినప్పుడు మండేది రాయి కాదు, ఉక్కు. రాతి పదునైన అంచు ఉక్కునుండి సూక్ష్మమైన తునకలను చెక్కివేస్తుంది. ఘర్షణవల్ల వేడెక్కిన ఆ తునకలలోని ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జ్వలిస్తుంది. కర్బనం తగినంత ఉండి, కాల్చి నీటిలోనో నూనెలోనో ముంచి గట్టిపరచిన ఉక్కు మాత్రమే ఇలా తునకలుగా రాలుతుంది. పాత ఆకురాయి ముక్క ఇందుకు పనికివస్తుంది. మెత్తని ఇనుము పనికిరాదు. ఈ రవ్వలు బలహీనమైనవి కనుక మాడ్చిన నూలుగుడ్డవంటి సులువుగా రాజుకొనే పదార్థం కావాలి.

ఫెర్రోసీరియంలో పాత్రలు తారుమారవుతాయి. ఇక్కడ మండేది కడ్డీయే. దీనిని కనుగొన్నవాడు ఆస్ట్రియా రసాయనశాస్త్రజ్ఞుడు కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్. పెళ్లి ఊరేగింపులలో వెలిగిన పెట్రోమాక్సు దీపపు మాంటిల్‌కు మూలరూపమైన గ్యాసు మాంటిల్ కూడా ఆయన సృష్టే. ఆ మాంటిల్‌కు కావలసిన థోరియాన్ని మోనజైట్ ఇసుకనుండి తీయగా సీరియం, లాంథనం మొదలైన విరళ మృత్తిక లోహాల లవణాలు మిగిలిపోయేవి. వాటినుండి తీసిన లోహమిశ్రమానికి ఇనుము చేర్చి రూపొందించిన ఫెర్రోసీరియానికి ఆయన 1903లో పేటెంటు పొందాడు. ఆ మోనజైట్ భీమునిపట్నం తీరపు ఇసుకలోనూ ఉంది. సిగరెట్ లైటరులో 'రాయి' అని వ్యవహరించేది కూడా ఈ మిశ్రమలోహమే.

సన్నని రజనుగా ఉన్న సీరియం ఇనుముకన్న చాలా తక్కువ ఉష్ణోగ్రత వద్దనే అంటుకొంటుంది. గీకినప్పుడు రాలే రజను ఘర్షణ వేడిమికే మండి, దాదాపు 3,000 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుందని అంచనా. కనుక స్ట్రైకర్ మండనక్కరలేదు, కోస్తే చాలు. కడ్డీకన్న గట్టిదై, పదునైన అంచు గలదై ఉంటే స్టెయిన్‌లెస్ స్టీలైనా, పింగాణీ పెంకైనా, పగిలిన గాజు అంచైనా రవ్వలు రాలుస్తుంది.

ఎంపికలో గమనించవలసినవి నాలుగు. మొదటిది అంచు: రెండు తలాలు లంబకోణంలో, గుండ్రన కాకుండా, నిక్కచ్చిగా కలవాలి. అంచును బొటనవేలి గోటిపై మెల్లగా గీస్తే సన్నని పొర లేవాలి. జారిపోతే అది పనికిరాదు. రెండవది కాఠిన్యం: కొంతకాలం గీకిన తరువాత కూడా అంచు మొద్దుబారరాదు. మూడవది మందం: పలుచని రేకు వంగిపోయి బలాన్ని వృథా చేస్తుంది. నాలుగవది పరిమాణం: చేతితొడుగు వేసుకొన్నా పట్టు దొరకాలి. కత్తి వీపు లంబకోణపు అంచుతో ఉంటే అదే మంచి స్ట్రైకర్. కత్తి పదునువైపుతో గీకడం ప్రమాదకరం, పదునూ పోతుంది.

కొత్త కడ్డీపై ఉండే నల్లని రక్షణపూతను ముందుగా గీకివేయాలి. లేకుంటే మంచి స్ట్రైకర్ కూడా విఫలమైనట్లు తోస్తుంది. వాడేటప్పుడు స్ట్రైకర్‌ను కదల్చకుండా, వాజిలైన్ రాసి విడదీసిన దూదికి చేరువగా ఉంచి, కడ్డీని వెనుకకు లాగాలి. అప్పుడు దూది చెదరదు. రవ్వలు దానిపైనే పడతాయి. అదిమి నెమ్మదిగా లాగితే పెద్ద తునకలు రాలి ఎక్కువసేపు మండుతాయి.

ఈ అభ్యాసం ప్రయాణానికి ముందే, నిప్పు వేయడానికి అనుమతి ఉన్న చోట, చెంత నీళ్లుంచుకొని చేయాలి. ఎండాకాలపు అడవిలో ఒక్క రవ్వ చాలు కార్చిచ్చుకు. కొన్న సాధనాన్ని ఒకసారి చీకటిలో గీకి చూస్తే రవ్వలు ధారగా రాలుతున్నవో, రెండు మూడు మెరిసి ఆరిపోతున్నవో తెలిసిపోతుంది. రెండవదే అయితే కడ్డీని మార్చే ముందు స్ట్రైకర్ అంచును ఆకురాయితో సరిచేసి చూడటం మేలు.