ద్రోణి అన్నా దోనె అన్నా: మన కోలార్ వైపు ఎండాకాలపు వానలు

మార్చి నుంచి మే ఆఖరు దాకా పేపర్లో రోజు విడిచి రోజు ఒకే వాక్యం వస్తుంది. "ద్రోణి ప్రభావంతో అక్కడక్కడా ఉరుములు, మెరుపులతో వానలు." కన్నడ పేపర్లో అయితే "దక్షిణ ఒళనాడు" అని మనల్ని కూడా చేర్చి రాస్తారు. చదివి పేజీ తిప్పేస్తాం. ఆ ద్రోణి ఏమిటో ఈసారి కొంచెం ఆగి చూద్దాం.

మాట నుంచే మొదలుపెడతాను, ఇది తెలుగు శాఖ గోడ కాబట్టి. ద్రోణి అంటే నిడుపాటి తొట్టి. కన్నడంలో పడవని దోణి అంటాం, తెలుగులో దోనె. ఇవన్నీ ఒక ఇంటి మాటలే. వాతావరణ శాఖ వాళ్లు గాలి ఒత్తిడి తక్కువగా ఉండే పొడవాటి పట్టీని ద్రోణి అంటారు. మ్యాపులో చూస్తే అది నిజంగానే దోనెలాగే ఉంటుంది. ఎండాకాలంలో ఇలాంటి పట్టీ ఒకటి విదర్భ, మరాఠ్వాడాల వైపు నుంచి కర్ణాటక లోపలి జిల్లాల మీదుగా తమిళనాడు దాకా తరచూ ఏర్పడుతుంది. దానికి పడమటి వైపు నేల మీదుగా వచ్చే పొడి గాలి, తూర్పు వైపు బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ గాలి. రెండూ కలిసే గీత దగ్గరే గొడవ.

ఫోన్లో విదేశాల వాతావరణ వీడియోలు చూసేవాళ్లకి నీలం త్రికోణాలు, ఎర్ర అర్ధచంద్రాలు ఉన్న గీతలు తెలిసే ఉంటాయి. వాటిని ఫ్రంట్లు అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో నార్వేలోని బెర్గెన్‌లో బ్యెర్క్‌నెస్ తండ్రీకొడుకులు, వాళ్ల తోటివాళ్లు ఆ పేరు పెట్టారు. చల్ల గాలి, వేడి గాలి రెండు సైన్యాల్లాగా ఎదురుపడే సరిహద్దు అని వాళ్ల ఊహ. యూరప్‌లో, అమెరికాలో వసంతకాలపు వానలు ఎక్కువగా ఆ ఫ్రంట్లు దాటిపోయేటప్పుడు పడతాయి. మనకి అలా కాదు. ఇక్కడ ఎదురుపడేది చలీ వేడీ కాదు, పొడీ తడీ. అందుకే ఆ వీడియోల్లో విన్నది తెచ్చి మన ఊరికి అంటిస్తే కుదరదు.

ఇంక వాన ఎలా పడుతుందంటే, పొద్దుటి నుంచి నేల కాలుతుంది. మధ్యాహ్నానికి నేల దగ్గరి తేమ గాలి వేడెక్కి పైకి లేస్తుంది. పైకి పోయేకొద్దీ చల్లబడి ఆవిరి నీళ్లవుతుంది. అలా అయ్యేటప్పుడు ఆవిరిలో దాగిన వేడి బయటికొచ్చి గాలిని ఇంకా పైకి తోస్తుంది. సాయంత్రానికి మబ్బు పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకి లేచి నిలబడుతుంది. లోపల మంచు పలుకులూ మెత్తటి వడగళ్లూ ఒకదానికొకటి రాసుకుని, పైన ధన విద్యుత్తు, కింద రుణ విద్యుత్తు చేరతాయి. తర్వాత వాన బరువుతో పాటు చల్ల గాలి కిందికి దూకి నేల మీద నలుదిక్కులా పరుగెత్తుతుంది. వానకి ముందు దుమ్ము లేపుకుంటూ వచ్చి హాస్టల్ కిటికీలు కొట్టే గాలి అదే. ఫ్రంట్ అనే మాట మన దగ్గర దేనికైనా సరిపోతుందంటే ఈ గాలి అంచుకే.

దాని వేగం గంటకి 40, 50 కిలోమీటర్లు అని హెచ్చరికల్లో రాస్తారు. మనకి బట్టలు ఎగిరిపోతాయి. శ్రీనివాసపురం వైపు మామిడి కాయ రాలిపోతుంది.

ఈ వానల్ని మామిడి జల్లులు అని పుస్తకాల్లో ముద్దుగా రాస్తారు. చిక్కమగళూరు, కొడగు వైపు కాఫీ పూత విచ్చుకోవడానికి కూడా ఈ జల్లే కావాలి. కానీ మామిడికి వాన మంచిదా చెడ్డదా అంటే ఏ వారంలో పడిందన్న దాన్ని బట్టి చెప్పాలి. పూత మీద పడితే పుప్పొడి కడుక్కుపోతుంది, బూజు, మచ్చ తెగుళ్లు వస్తాయి. పిందె గోలీ అంత, నిమ్మకాయ అంత అయ్యాక ఒక మంచి జల్లు పడితే కాయ నిలుస్తుంది, ఊరుతుంది. కాయ బరువెక్కాక అదే వాన గాలితో వస్తే కింద పడేది లాభమంతా. మన వైపు కోత కోస్తా ఆంధ్ర కన్నా ఆలస్యం, తోతాపురి అయితే జూన్, జూలై దాకా చెట్టు మీదే ఉంటుంది. అంటే అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి కార్తెలన్నీ అది గాలిలో వేలాడుతూనే గడపాలి. పూత చూసి తోటని గుత్తకి తీసుకున్నవాళ్లు ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఆకాశం వైపు ఎందుకు చూస్తారో దీన్ని బట్టి అర్థమవుతుంది. రాలిన పచ్చికాయని ఊరగాయకి అడిగే ధరకి ఇచ్చెయ్యాల్సిందే. వడగళ్లు తగిలిన కాయ చెట్టు మీద ఉన్నా మచ్చ పడి ధర పోతుంది. మా ఇంట్లో వడగళ్లని ఆలికల్లు అనే అంటాం, తెలుగు మాట్లాడేటప్పుడు కూడా.

మాటల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. మనకి మెరుపు, ఉరుము, పిడుగు. కన్నడంలో మించు, గుడుగు, సిడిలు. మించు మనది కాదనుకోకండి, పాత తెలుగు కావ్యాల్లో మించు అంటే మెరుపే. మించుబోడి అన్న మాట అందులోంచే వచ్చింది. మనం వాడడం మానేశాం, పక్కింటివాళ్లు దాచి పెట్టుకున్నారు.

ఫిబ్రవరి ఆఖరున భారత వాతావరణ శాఖ మూడు నెలల అంచనా ఇస్తుంది. దాన్ని జాతకంలా చదవకూడదు. "సాధారణం కన్నా ఎక్కువ వానకి అవకాశం" అంటే 1971 నుంచి 2020 దాకా లెక్కగట్టిన సగటుతో పోల్చి చెప్పే సంభావ్యత మాత్రమే. ఏ రోజు, ఏ ఊరు అన్నది అందులో ఉండదు. బెంగళూరులో 2024 ఏప్రిల్ దాదాపు చుక్క లేకుండా పోయింది. 2023 మేలో అదే బెంగళూరులో కాసేపటి వానకే అండర్‌పాస్ నిండి ఒక ప్రాణం పోయింది. రోజు సంగతి కావాలంటే జిల్లాల వారీగా ఇచ్చే మూడు గంటల హెచ్చరిక చూడాలి. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్తపడమని. పిడుగు కోసం పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ ఉంది, కర్ణాటక ప్రకృతి వికోప పర్యవేక్షణ కేంద్రం వాళ్లది సిడిలు అనే ఉంది.

పిడుగు దగ్గర నవ్వులాట లేదు. దేశంలో ఏటా రెండు వేల మందికి పైగా పిడుగుపాటుకి చనిపోతున్నారు, ఎక్కువమంది పొలాల్లో, చెట్ల కింద. ఉరిమినప్పుడు అర్జునుడి పేర్లు తలుచుకోమని అవ్వలు చెప్తారు. తలుచుకోండి, కానీ ఇంట్లోకి వచ్చి తలుచుకోండి. మెరుపు కనిపించగానే లెక్కపెట్టడం మొదలుపెట్టాలి. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. ముప్పై లోపలే ఉరుము వినిపిస్తే పది కిలోమీటర్ల లోపల ఉన్నట్టు, చెట్టు వదిలి పక్కా ఇంట్లోకో కిటికీలు మూసిన కారులోకో పోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. నాలుగు పక్కలా తెరిచి ఉన్న రేకుల షెడ్డు, బస్టాపు పనికిరావు. పిడుగు పడిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని చాలామంది దగ్గరికి పోరు. ఆ ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు. ఊపిరి ఆగితే వెంటనే గుండె మీద రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ 108కి ఫోన్ చేయించాలి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు.