లక్కమ్మ తిరిగి పంపిన బియ్యము

లోకమున ఒక దోషము జరిగినప్పుడు దానికి కర్త యెవరని యడిగిన, ప్రతివాని వ్రేలును ఎదుటివానివైపే తిరుగును. కల్తీ చేసిన వర్తకుడు "బజారంతయు నిట్లే యున్నది" అనును. కొడుకు చదువు చెడిన తండ్రి సినిమాను నిందించును. ఆ కొడుకు ఉపాధ్యాయుని నిందించును. లంచమిచ్చినవాడు పుచ్చుకొన్నవానిని దూషించునే గాని, తన చేయియు ముందునకు సాగిన సంగతి మరచును. ఈ మాటలలో కొంత నిజము లేకపోలేదు. ఆ కొంత నిజమే మనుజుని మోసగించుచున్నది.

పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ యను శరణ దంపతులుండిరి. వీరు నేటి రాయచూరు జిల్లాలోని అమరేశ్వరమునుండి వచ్చినవారు. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుటయే మారయ్య కాయకము. కన్నడమున 'ఆయ్దక్కి' యనగా ఏరిన బియ్యము. దానితోనే జంగమ దాసోహము జరిపెడివారు. ఒకనాడతడు మామూలుకంటె ఎక్కువ తెచ్చెను. అతనిపై ప్రేమచే బసవేశ్వరుడే ఎక్కువ గింజలు రాల్పించెనని కథ. రాల్చినది వేరొకరు, తెచ్చినది ఏరినదే గాని దొంగిలించినది కాదు, వెచ్చించునది దాసోహమునకే. సాకులు మూడును సిద్ధముగా నున్నవి. లక్కమ్మ వానిలో నొక్కటియు అంగీకరింపలేదు. రాల్చినవారెవరని విచారింపలేదు. అవసరమునకు మించి చేయి యేల చాచితివని భర్తనే యడిగి, మిగులు బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపెను. మారయ్య మారుమాటాడక వెళ్లెను. ఈ కథలో అతని గొప్పయు తక్కువది కాదు.

వీరశైవునకు ఇష్టలింగము కరస్థలమున నుండును. ఆ పూజ ఎవరిది వారే చేసికొనవలెను. పూజకు బదులు మనిషిని కోరనివాడు తప్పునకు మాత్రము బదులు మనిషిని వెదకుట చిత్రము గదా!

అయితే నొక హెచ్చరిక అవసరము. తన తప్పు తాను చూచుకొనవలెనను మాటను బలవంతులు బలహీనులపై ప్రయోగించుట కలదు. కూలి యెగవేసినవాడు కూలివానితో "నీ కర్మము" అనుట శరణమార్గము కాదు. పంచాచారములలోని గణాచారము అన్యాయమును చూచి యూరకుండవలదనుచున్నది. బసవేశ్వరుడు కులభేదమును మౌనముగా సహింపలేదు. బ్రాహ్మణ గృహమున పుట్టియు ఉపనయనమును నిరాకరించెనని పురాణములు చెప్పుచున్నవి. అనగా ఆ భేదమును మొదట తన యింటనే విడిచి, పిమ్మట లోకమును ప్రశ్నించెను. ఈ వరుస గమనింపదగినది.

నేటి గృహములలో ఇట్టి విచారణ రాత్రి భోజనపు వేళ జరుగవచ్చును. జీతముకంటె ఎక్కువగా ఇంటికి వచ్చిన సొమ్ము ఎక్కడిదని లక్కమ్మవలె అడుగు భార్యయు, కోపింపక వినెడి భర్తయు ఎన్ని యిండ్ల నున్నారో ఆ యిండ్లవారే చెప్పవలెను.