బ్రష్ కట్టర్ బ్లేడుతో కలుపు కోసేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

పుంగనూరు దగ్గర మా మామిడి తోటలో బ్లేడు ఎలా బిగించాలో పై వీడియోలో చూపించినాను. అందులో చెప్పలేకపోయిన సంగతులు ఇక్కడ రాస్తున్నా.

ముందు నాకు జరిగింది చెప్తా. రెండేళ్ళ కింద వానలకి తోటలో వయ్యారిభామ నడుం ఎత్తు పెరిగింది. మనం కలుపు మందు కొట్టం కదా, పూత రాకముందే కోసి ఆచ్ఛాదనగా పరచాల. మూడు పళ్ళ బ్లేడు వేసుకుని కోస్తా ఉన్నా. మిషను మోతలో ఏమీ వినపడదు. మా అమ్మ సంగటి తెచ్చి, పిలిచి పిలిచి, చివరికి వెనక నుంచి భుజం తట్టింది. ఉలిక్కిపడి మిషనుతో సహా తిరిగినా. బ్లేడు అమ్మ చీర అంచు చీల్చుకుని పోయింది. కాలికి జానెడు దూరం. ఆ పూట సంగటి ఇద్దరికీ దిగలేదు.

అప్పట్నుంచి మిషను తిరుగుతుంటే 15 మీటర్ల లోపలికి ఎవరినీ రానీయను. పిలవాలంటే ఎదురుగా, దూరంగా నిలబడి టవల ఊపాల. ఇంజన్ ఆపినాక కూడా బ్లేడు కాసేపు తిరుగుతానే ఉంటుంది, అది నిలిచేదాకా ఆగాల.

పైనుంచి చూస్తే చాలా మిషన్లలో బ్లేడు గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. బ్లేడునే గడియారం అనుకోండి, మీకు ఎదురుగా ఉండే కొస 12. అక్కడ్నుంచి 3 దాకా ఉన్న భాగం రాయికో మొద్దుకో తగిలిందంటే మిషను ఎగిరి తంతుంది. అందుకే 8 నుంచి 11 మధ్య, అంటే ఎడమ పక్క భాగంతోనే కోయాల, కుడి నుంచి ఎడమకు ఊపాల. నట్టు మర కూడా తిరకాసే. గడియారం దిశలో తిప్పితే ఊడుతుంది. ఇది తెలీక మొదటి వారమే మర పాడు చేసుకున్నా, డిప్లొమాలో ఇవి చెప్పలేదులెండి.

మా మదనపల్లె పక్క నేలల్లో రాళ్ళు ఎక్కువ. టమోటా తీసేసిన మడిలో కట్టు తీగలు, పురికొస, డ్రిప్ పైపు ముక్కలు ఉంటాయి. ముందు ఒకసారి నడిచి ఏరేయండి. తీగ బ్లేడుకు చుట్టుకుంటే ఇంజన్ ఆపి, ప్లగ్ టోపీ లాగినాకే చెయ్యి పెట్టండి. గరిక, లేత గడ్డికి నైలాన్ తాడు చాలు. తాడు అయిపోయిందని క్లచ్ వైరు కట్టేవాళ్ళను చూసినా. ముక్క తెగి ఎగిరిందంటే తుపాకి గుండే! పగులొచ్చిన బ్లేడుకు వెల్డింగ్ పెట్టించొద్దు. ఊడదీసి, వేలాడదీసి స్పానరుతో తట్టండి. ఖంగుమనకపోతే పారేయండి, కొత్త బ్లేడు ఖర్చు ఆసుపత్రి ఖర్చు కంటే తక్కువే.

గంబూట్లు, కళ్ళద్దాలు, మందం ప్యాంటు ఉండాల. లుంగీతో వద్దు. గార్డు ఊడదీయొద్దు.

మామిడి మొదలు చుట్టూ ఒకటిన్నర అడుగు మాత్రం కొడవలితోనే. నైలాన్ తాడైనా లేత బెరడును ఒలిచేస్తుంది. చుట్టూ బెరడు పోతే ఆ మొక్క ఎండిపోతుంది. నాకు మూడు అట్లే పోయినాయి.

అమ్మ ఇప్పుడు సంగటి గట్టు మీద పెట్టి, టవల ఊపి, ఇంజన్ ఆగేదాకా అక్కడే కూర్చుంటుంది. వీడియో చివర్లో కనిపించేది ఆమే.