కీర్తికాంక్ష

కామక్రోధములు దోషములని గుర్తించుట సులభము. కీర్తికాంక్ష అట్లు కాదు. అది సత్కార్యపు వేషమున వచ్చును. బాగ్దాదు నిజామియా మదరసాలో ఆచార్యుడైన ఇమాం గజాలీ, తన బోధనకు ప్రేరణ దైవప్రీతి కాదనియు, పేరుప్రతిష్ఠలే యనియు గ్రహించి 1095లో ఆ పదవిని విడిచెను. మన మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, తనను జగద్గురువుగా నిలుపుటకు ఏర్పడిన నక్షత్ర సంఘమును 1929లో తానే రద్దుచేసి, దాతల ఆస్తులను తిరిగి ఇచ్చివేసెను.

అయినను ఇరువురును మౌనము వహింపలేదు. గజాలీ 1106లో నిషాపూరున మరల బోధించెను. కృష్ణమూర్తి 1986 జనవరిలో, మరణమునకు కొలది వారముల ముందు కూడ, మద్రాసున ప్రసంగించెను.

పుంగనూరు, కుప్పముల నుండి వచ్చి మన వక్తృత్వపు పోటీలో బహుమతి పొందని విద్యార్థి, ఆ విషయమును మరునాడు మరల చదువుచున్నాడా యని కళాశాల సంఘము వారు ఒకసారి విచారింపవలెనని మా కోరిక.