నిద్రా ధర్మము – జాగరణ వ్రతము

దేహమను గృహమును నిలుపు ఉపస్తంభములు మూడని చరకాచార్యుడు నిర్ణయించెను. అవి ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము. వీనిలో ఆహారమును గూర్చి మన ఇండ్లలో జరుగు విచారము ఇంత అంత కాదు. ఏ తిథినాడు ఏది భుజింపవలెనో, ఏది వర్జింపవలెనో పసిపిల్లలు సైతము చెప్పగలరు. నిద్రను గూర్చి అట్టి విచారము అరుదు. అతిగా నిద్రించుట సోమరితనమనియు, నిద్ర మానుట గొప్ప సాధనయనియు లోకములో ఒక అభిప్రాయము పాతుకొనియున్నది. ఇందు మొదటి మాట సత్యము. రెండవ మాట సగము మాత్రమే సత్యము. మిగిలిన సగమును తెలిసికొనుటకు కృష్ణాజిల్లా మొవ్వ మండలములోని కూచిపూడి అగ్రహారము తగిన స్థలము. రాత్రి మేలుకొనుటయే వృత్తిగా గల కుటుంబములు తరతరములుగా నివసించిన గ్రామమది.

రాత్రియెల్ల సాగిన ఆరాధన

బాలాత్రిపురసుందరీ సమేత రామలింగేశ్వరస్వామి వెలసిన కూచిపూడిలో భాగవతుల ఆట ప్రొద్దు గ్రుంకిన తరువాత ఆరంభమయ్యెడిది. రాత్రి భోజనములు ముగించి, తుంగచాపలు చంకనిడుకొని జనులు ఆరుబయట వేసిన పందిరి చుట్టును చేరెడివారు. రంగస్థలమును ఊడ్చి, నీరు చల్లి, ముగ్గులు పెట్టి, అమ్మవారిని ప్రార్థించిన పిమ్మట గాని కథ మొదలు కాదు. ఇరుప్రక్కల దివిటీలు పట్టినవారు నిలిచెడివారు. ముఖ్యపాత్ర ప్రవేశించునపుడు దివిటీపై గుగ్గిలపు పొడి చల్లగా జ్వాల ఎగసి, కునికిపాట్లు పడువారి కన్నులు గూడ విచ్చుకొనెడివి. తెల్లవారుజామున మంగళహారతితో ఆట ముగిసెడిది.

ఆ భాగవతులు ప్రదర్శించిన కథలలో సైతము నిద్రాజాగరణలు పెనవేసికొనియున్నవి. సిద్ధేంద్రయోగి రచనగా సంప్రదాయము చెప్పు భామాకలాపమున సత్యభామ విరహముచే నిద్రకు దూరమైనది. ఉషాపరిణయమున ఉష నిద్రలోనే అనిరుద్ధుని దర్శించినది. చిత్రలేఖ ద్వారకకు పోయి, నిద్రించుచున్న ఆ రాకుమారుని శోణితపురమునకు గొనివచ్చినది. మోహినీ రుక్మాంగదమున ఏకాదశీవ్రతమును విడనాడుటకంటె కుమారుని కోల్పోవుటకైనను సిద్ధపడిన రాజు కథ కలదు. భరతముని నాట్యశాస్త్రమున ముప్పదిమూడు వ్యభిచారిభావములను చెప్పుచు నిద్రను, సుప్తమును, విబోధమును వేర్వేరుగా లెక్కించెను. అనగా నిదుర ముంచుకొని వచ్చుట, గాఢముగా నిద్రించుట, మేల్కాంచుట అను మూడును నటుడు విడివిడిగా ఎరిగి అభినయింపవలసిన స్థితులు. కథకు అవసరమైననే తప్ప రంగముపై శయనింపరాదనియు ఆ శాస్త్రమే నియమించెను.

1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిన వెంపటి చినసత్యము మున్నగువారి కాలమున ఈ కథలు రెండు మూడు గంటల నృత్యనాటికలై సభామందిరములకు వచ్చినవి. అయినను రాత్రియెల్ల మేలుకొని దైవమును కొలిచిన ఆ పూర్వాచారము ఒక ప్రశ్నను మన ముందుంచుచున్నది. బ్రాహ్మముహూర్తమున లేవవలెనని శాస్త్రము విధించినది. ఆ ముహూర్తమునకు ఇంకను వేషము విప్పని వానికి గతియేమి? అతడు ధర్మము తప్పినవాడా?

వైద్యశాస్త్ర సమాధానము

బ్రాహ్మముహూర్తము సూర్యోదయమునకు ముందు 1 గంట 36 నిమిషములకు ఆరంభమై 48 నిమిషములు ఉండును. సూర్యోదయము 6 గంటలకైనచో 4 గంటల 24 నిమిషములు మొదలు 5 గంటల 12 నిమిషముల వరకు అని గ్రహింపవలెను. ఆ వేళ లేవుమని అష్టాంగహృదయమున వాగ్భటుడు ఆదేశించెను. కాని ఆయన ఆ మాట చెప్పినది స్వస్థుని గూర్చి. రోగికి, అలసినవానికి, రాత్రి నిద్ర లేనివానికి ఆ నియమము అదే విధముగా వర్తింపదు.

ఆ వాగ్భటుడే మరియొక చోట రాత్రి జాగరణ చేసినవానికి స్పష్టమైన మార్గమును చూపెను. అలవాటు లేని జాగరణచే ఎంతకాలము నిద్ర తప్పినదో అందులో సగము కాలము మరునాటి ఉదయమున, భోజనమునకు పూర్వమే నిద్రింపవలెనని ఆయన మతము. ఆరు గంటలు కోల్పోయినవాడు మూడు గంటలు పండుకొనవలెనన్నమాట. కడుపునిండ తిని పగలు పండుకొనుట ఇందు ఉద్దేశము కాదు.

చరకుడును ఇట్లే విచారించెను. పగటి నిద్ర కఫపిత్తములను పెంచునని, గ్రీష్మమున తప్ప సామాన్యముగా కూడదని చెప్పెను. రాత్రులు చిన్నవై, ఎండ దేహమును ఎండగట్టు కాలము గనుక గ్రీష్మమునకు మినహాయింపు. వడగాడ్పులెరిగిన బందరు, గుడివాడ, దివిసీమ వాసులకు ఈ మాటకు వ్యాఖ్య అక్కరలేదు. పిదప అన్ని ఋతువులలోను పగలు నిద్రింపదగినవారిని ఆయన పేర్కొనెను. ఆ పట్టికలో వృద్ధులు, బాలురు, దుర్బలులు, బరువులు మోసి డస్సినవారు, దారి నడిచి అలసినవారు కలరు. వారితోపాటు గానముచేతను అధ్యయనముచేతను అలసినవారు గూడ కలరు. రాత్రియెల్ల పాడి, ఆడి, ఊరూరు తిరిగిన భాగవతునికి ఇంతకంటె స్పష్టమైన అనుజ్ఞ ఏమి కావలెను? అతని పగటి నిద్ర సోమరితనము కాదు, శాస్త్రసమ్మతమైన విశ్రాంతి.

నిద్ర ఒక ఋణము

ఈ విషయమునే మన తెలుగు స్త్రీలు తమ పాటలలో మధురముగా చెప్పుకొనిరి. పదునాలుగేండ్లు అరణ్యమున లక్ష్మణుడు కంటికి కునుకు లేక అన్నావదినెలను కాచెను. అంతకాలమును అయోధ్యలో ఊర్మిళ నిద్రించెనని “ఊర్మిళాదేవి నిద్ర” అను పాట చెప్పుచున్నది. ఇది వాల్మీకమున లేని కథ. “లక్ష్మణదేవర నవ్వు” అను పాటలో నిద్రాదేవి స్త్రీరూపమున నిండుకొలువులో లక్ష్మణునికి కానవచ్చును. వనవాసము ముగియువరకు తన్ను విడిచియుండుమని అతడు ఆమెను వేడికొనియుండెను. గడువు తీరినది గనుక ఆమె వచ్చినది. అది చూచి అతడు నవ్వగా, సభలోని ప్రతివారును ఆ నవ్వు తమ్ము గూర్చియే అని ఉలికిపడిరట.

ఈ కథ నవ్వించునదే కాని, అందలి తత్త్వము గంభీరమైనది. లక్ష్మణస్వామి అంతటివాడు సైతము నిద్రను రద్దు చేయలేదు, గడువు మాత్రమే కోరెను. గడువు ముగిసిన దినమున ఋణదాత వచ్చి వాకిట నిలిచినది. నిద్రను వాయిదా వేయవచ్చును గాని ఎగవేయరాదు. ఒకవేళ ఎగవేయజూచినచో, తలనొప్పి రూపమునను, కోపము రూపమునను, మతిమరపు రూపమునను ఆమె తన బాకీని తానే వసూలు చేసికొనును.

ఆధునిక శాస్త్రజ్ఞులును ఇట్టిదే కనుగొనిరి. జీవకణములలో పగలు రాత్రులను అనుసరించి నడచు గడియారమొకటి ఉన్నదని, అది పనిచేయు తీరును చిన్న ఈగలపై పరిశోధించి వివరించినందులకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అను మువ్వురికి 2017లో నోబెల్ బహుమానము లభించినది. వయసు వచ్చినవారికి రాత్రి 7 గంటలకు తక్కువ కాని నిద్రయు, ఆరు మొదలు పన్నెండేండ్లలోపు బాలురకు 9 మొదలు 12 గంటల నిద్రయు అవసరమని నేటి వైద్యులు చెప్పుచున్నారు.

వ్రత జాగరణ లక్షణము

అట్లయిన శివరాత్రి జాగరణము, ఏకాదశీ జాగరణము దేహమునకు అపకారములా అని సందేహము కలుగవచ్చును. కావు. వ్రతజాగరణమునకు మూడు లక్షణములు గలవు. మొదటిది సంకల్పము: ఎవరికొరకు, ఎందుకొరకు మేలుకొనుచున్నామో ఎరిగి మేలుకొనుట. రెండవది అవధి: అది ఒక రాత్రితో ముగియును. మూడవది సమాప్తి: ఉపవాసమునకు పారణ ఉన్నట్లే జాగరణమునకును విశ్రాంతి ఉన్నది.

జాగరణ మరునాడు పగలు నిద్రింపరాదను ఆచారము పలు కుటుంబములలో కలదు. దానిని పాటించువారు పాటింపవచ్చును. అది ఏడాదికి కొన్ని దినములకు సంబంధించిన వ్రతనియమము. వారు ఆ సాయంకాలమే సంధ్యాదీపమైన కొంతసేపటికి తేలికగా భుజించి పండుకొన్నచో ఋణము తీరును. కాని రోగులు, గర్భిణులు, వృద్ధులు ఈ నియమమునకు లోబడి కష్టపడనక్కరలేదు. మరియు జాగరణ చేసిన ఉదయమున వాహనమును నడుపుట ఎవరికిని తగదు. పూర్వము ఎడ్లబండిలో బండివాడు కునికినను ఎడ్లు దారి తప్పెడివి కావు. నేటి మోటారు వాహనమునకు ఆ తెలివి లేదు.

ఇక వృత్తిరీత్యా రాత్రులు మేలుకొనువారు కలరు. ఆసుపత్రులలోని దాదులు, రైలుబండ్లు నడుపువారు, రక్షకభటులు మున్నగువారు నిత్యజాగరణ చేయుచున్నారు. వారి మేలుకువయు లోకసేవయే. అట్టివారు పగలు పండుకొనునపుడు ఇంటివారు తలుపులు దగ్గరవేసి, గది చీకటి చేసి, మాటలు తగ్గించి సహకరించుట ధర్మము. “పట్టపగలు నిద్రయేమి?” అని నిష్ఠూరమాడుట అధర్మము.

శయన విధి

రాత్రి నిద్రను గూర్చి పెద్దలు చెప్పిన విధులు కొన్ని జ్ఞాపకముంచుకొనదగినవి. తూర్పునకు గాని దక్షిణమునకు గాని శిరస్సు నుంచి పండుకొనవలెనని, తక్కిన దిక్కులు రోగకారకములని విష్ణుపురాణమున ఔర్వమహర్షి సగరచక్రవర్తికి ఉపదేశించెను. పడక ఇరుకైనదిగాను, విరిగినదిగాను, ఎగుడుదిగుడుగాను, మలినముగాను, పురుగులు గలదిగాను, దుప్పటి పరవనిదిగాను ఉండరాదని గూడ ఆయన చెప్పెను. నులకమంచమైనను, నవారుమంచమైనను, చాపయైనను ఈ నియమము ఒక్కటే. పురుగులు లేని పడక అన్న మాట కృష్ణాడెల్టా వాసులకు మరింత ముఖ్యము. కాలువలు, వరిమళ్లు నిండిన ఈ సీమలో దోమలకు కొదువ లేదు. బోదకాలు వంటి వ్యాధులు వానివలననే వ్యాపించును. కావున దోమతెర కట్టుకొనుట విలాసము కాదు, ఆచారములో భాగమే.

తడికాళ్లతో భుజింపవచ్చును గాని తడికాళ్లతో పండుకొనరాదని మనుస్మృతి చెప్పుచున్నది. కాళ్లు కడుగుకొని, తుడుచుకొని, దైవమును స్మరించి శయనింపవలెను. మన ఆలయములలో స్వామికి పవళింపుసేవ చేసి, తలుపులు మూసి, మరల ఉదయమున మేలుకొలుపు పాడుదురు గదా. లోకములను మేల్కొలుపు ప్రభువునకే ఇట్టి సేవ జరుగుచుండగా, భక్తుడు తన విశ్రాంతిని చిన్నచూపు చూచుట ఎట్లు తగును?

నేటి గృహస్థునకు

ఇప్పుడు పరిశీలింపవలసినది మన ఇండ్లలోని రాత్రులు. కూచిపూడి భాగవతుడు తెల్లవార్లు మేలుకొనెను. ఫలముగా ఒక ఊరి జనులందరు హరికథామృతమును గ్రోలిరి. నేడు చేతిలోని ఫోను వెలుతురులో అర్ధరాత్రి దాటువరకు మేలుకొనుచున్న గృహస్థునకు ఫలమేమి? అందు సంకల్పము లేదు, అవధి లేదు, సమాప్తి లేదు. వ్రతలక్షణములు మూడును లోపించిన జాగరణమది. శ్రమ మాత్రము వ్రతమునకు పడిన శ్రమయే.

ఇందులకు తోడు మరియొక పొరపాటు కలదు. రాత్రి 12 గంటలకు పండుకొని, బ్రాహ్మముహూర్తము పుణ్యకాలమని 4 గంటల 24 నిమిషములకు లేచువానికి నాలుగున్నర గంటల నిద్రయైన దక్కదు. జపమునకు కూర్చుండును, జపమాల చేతిలో ఉండగనే కునుకు పట్టును. పరీక్షలకు చదువు పిల్లలను ఇట్లు లేపు తల్లిదండ్రులును కలరు. బ్రాహ్మముహూర్తము ఉదయమున ఆరంభమగు నియమము కాదు, ముందటి రాత్రి ఆరంభమగు నియమము. నాలుగున్నరకు లేవదలచినవాడు తొమ్మిదిన్నరకు కన్నుమూయవలెను. అది సాధ్యపడని దినములలో సూర్యోదయమునకు లేచి శ్రద్ధతో నమస్కరించినను స్వామి స్వీకరించును. మిక్కిలి నిద్రించువానికిని, మిక్కిలి మేలుకొనువానికిని యోగము సిద్ధింపదని భగవద్గీతలో పరమాత్మ ఇద్దరిని సమముగానే హెచ్చరించెను.

కూచిపూడికి పొరుగుననే, ఘంటసాల మండలమున కృష్ణాతీరమందలి శ్రీకాకుళములో ఆంధ్రమహావిష్ణువు ఆలయమున్నది. కళింగదండయాత్ర సందర్భమున శ్రీకృష్ణదేవరాయలు అచ్చటికి వచ్చి, హరివాసరమున ఉపవసించెను. ఆ రాత్రి నాలవ జామున స్వామి ఆయనకు స్వప్నమున సాక్షాత్కరించి గ్రంథరచనకు ఆనతిచ్చెను. ఆముక్తమాల్యద అట్లు పుట్టినదని రాయలే ఆ కావ్యమున చెప్పుకొనెను. ఒకే సీమలో ఒక ఊరు రాత్రియెల్ల మేలుకొని స్వామిని కొలిచినది; మరియొక ఊరిలో నిద్రించిన భక్తుని వెదకికొని స్వామియే వచ్చెను. మేలుకువయు ఆయనదే, నిద్రయు ఆయనదే. రెంటిని వాని వాని వేళలలో ఆయనకు సమర్పించుటయే నిద్రాధర్మము. ఈ రాత్రి దీపమార్పునపుడు ప్రతి గృహస్థుడును ఈ ఒక్క ప్రశ్న వేసికొనిన చాలును: తాను తీర్పవలసిన నిద్రాఋణము ఎంత?