డిగ్రీ తరువాత స్పెషల్ ఫోర్సెస్ ఆఫీసరు: దాతలు తెలుసుకోవలసిన దారి



గత ఏడాది ఉపకార వేతనాల ఇంటర్వ్యూల రోజున ఒక యువకుడు మా ముందు కూర్చున్నాడు. తమ్ముడి ఫీజు కోసం వచ్చాడు. అతనిది డిగ్రీలో ఫస్ట్ క్లాసు, ఎన్‌సీసీలో మంచి గ్రేడుతో 'సి' సర్టిఫికెట్. "నీకేం కావాలని ఉండేది బాబూ?" అని అడిగాం. "పారా కమాండో ఆఫీసరు సార్" అన్నాడు. వయసు అడిగితే 26 నిండాయన్నాడు. డిగ్రీ అయ్యాక మామూ టైర్ల షాపులో లెక్కలు రాస్తున్నాడట. ఆ సర్టిఫికెట్ ఉన్నవారికి రాత పరీక్ష లేకుండానే సైన్యంలో ఆఫీసరు ఎంపికకు వెళ్లే దారి ఉందనీ, అది 25 ఏళ్లకే మూసుకుపోతుందనీ అతనికి ఎవరూ చెప్పలేదు. అతని డిగ్రీ ఫీజు మూడేళ్లూ కట్టింది మన సంఘమే. మేమూ చెప్పలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ముందు ఆఫీసరు, తరువాతే కమాండో

పిల్లల్లో చాలామంది స్పెషల్ ఫోర్సెస్‌కు నేరుగా దరఖాస్తు ఉంటుందనుకుంటారు. సైన్యంలో అలా ఉండదు. ముందు ఆఫీసరుగా కమిషన్ పొందాలి. ఆ తరువాత స్వచ్ఛందంగా ముందుకు వచ్చి, వేరే పరీక్షకు నిలబడాలి.

డిగ్రీవారికి ప్రధాన ద్వారం యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు నిర్వహించే సీడీఎస్ పరీక్ష. డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నవారూ రాయవచ్చు. మన వైపు హైదరాబాద్, విశాఖపట్నం, తిరుపతిలో కేంద్రాలు ఉన్నాయి. డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీకైతే ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జి, గణితం మూడు పేపర్లు, ఒక్కొక్కటి 100 మార్కులకు. చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి గణితం అక్కర్లేదు. అక్కడికి ఆడపిల్లలూ దరఖాస్తు చేసుకోవచ్చు. గణితం పదో తరగతి స్థాయిదే. మన పిల్లలు తడబడేది ఇంగ్లీషు దగ్గర. తెలుగు, ఉర్దూ మాధ్యమాల్లో చదివినవారికి ఆ పేపరు ఒక్క వేసవిలో చేతికి రాదు.

వయసు విషయంలో పట్టువిడుపులు లేవు. డెహ్రాడూన్‌కు సుమారు 24 ఏళ్లు, చెన్నైకి సుమారు 25 ఏళ్లు హద్దు. ప్రతి ప్రకటనలో పుట్టిన తేదీల వరకు స్పష్టంగా ఉంటుంది. ఒక్కరోజు దాటినా పనికిరాదు.

ఐదు రోజుల పరీక్ష

రాత పరీక్ష దాటినవారిని ఎస్ఎస్‌బీ పిలుస్తుంది. బెంగళూరు, భోపాల్, ప్రయాగ్‌రాజ్ వంటి చోట్ల ఐదు రోజులు ఉంచి చూస్తారు. మొదటిరోజు వడపోతలోనే చాలామంది సాయంత్రానికి ఇంటిదారి పడతారు. మిగిలినవారికి మనస్తత్వ పరీక్షలు ఉంటాయి. 60 పదాలు ఒకదాని వెంట ఒకటి చూపిస్తారు, ఒక్కో పదానికి 15 సెకన్లలో వాక్యం రాయాలి. 60 సందర్భాలు ఇచ్చి, నువ్వైతే ఏం చేస్తావో అరగంటలో రాయమంటారు. తరువాత గుంపుగా చేసే పనులు: దుంగలు, తాళ్లు ఇచ్చి అడ్డంకులు దాటమంటారు. అరిచి పెత్తనం చేసేవాడు ఇక్కడ నెగ్గడు. పక్కవాడి మాట విని, పని ముందుకు నడిపేవాడు నెగ్గుతాడు.

డెహ్రాడూన్ అభ్యర్థులకు ఈ ఐదు రోజులకే 300 మార్కులు, అంటే మొత్తం రాత పరీక్షతో సమానం. బట్టీ పట్టిన జవాబులు ఇక్కడ చెల్లవు. రాతలో ఒకలా, మాటలో ఒకలా, మైదానంలో మరోలా కనిపిస్తే దొరికిపోతారు. అందుకే "సీటు ఇప్పిస్తాం" అని వేలు, లక్షలు అడిగేవారిని నమ్మవద్దని ప్రతి కుటుంబానికీ చెబుతున్నాం. పరీక్ష ఫీజు 200 రూపాయలు. మొదటిసారి ఎస్ఎస్‌బీకి వెళ్లేవారికి రైలు ఛార్జీ కూడా ప్రభుత్వమే ఇస్తుంది.

వైద్య పరీక్ష, మెరిట్ జాబితా దాటినవారు డెహ్రాడూన్‌లో ఏడాదిన్నర, చెన్నైలో 49 వారాలు శిక్షణ పొంది లెఫ్టినెంట్ అవుతారు. శిక్షణ కాలంలోనే నెలకు 56,100 రూపాయల స్టైపెండ్ వస్తుంది.

మెరూన్ టోపీ

పారా స్పెషల్ ఫోర్సెస్ బెటాలియన్లకు స్వచ్ఛందంగా వచ్చిన ఆఫీసరుకు సుమారు ఆరు నెలల ప్రొబేషన్ ఉంటుంది. నిద్ర తక్కువ, బరువు ఎక్కువ. మూపున సామానుతో రాత్రివేళ పదుల కిలోమీటర్ల నడక, అలసిపోయిన స్థితిలో లెక్క తప్పని నిర్ణయం. జవాను మోసినంత బరువు ఆఫీసరూ మోయాలి. ఆగ్రాలో పారాషూట్‌తో ఐదుసార్లు దూకాలి, అందులో ఒకటి రాత్రిపూట. వచ్చినవారిలో ఎక్కువమంది మధ్యలోనే వెనుదిరుగుతారు. అలా వచ్చినవాడు ఆఫీసరుగానే ఉంటాడు, తన రెజిమెంటులో సేవ చేస్తాడు. దానిలో సిగ్గుపడవలసింది ఏమీ లేదని తల్లిదండ్రులకు ముందే చెప్పాలి.

నౌకాదళంలో మార్కోస్, వైమానిక దళంలో గరుడ్ ఉన్నాయి. మార్కోస్ స్థావరం ఐఎన్ఎస్ కర్ణ మన భీమునిపట్నం దగ్గరే 2016లో ప్రారంభమైంది.

మనవాళ్లు నడిచిన దారి

"మన పిల్లవాడికి అక్కడ చోటు ఉంటుందా?" అని తల్లులు మమ్మల్ని అడుగుతారు. బ్రిగేడియర్ మొహమ్మద్ ఉస్మాన్ 50వ పారాషూట్ బ్రిగేడ్‌కు నాయకత్వం వహించి, 1948 జూలై 3న ఝంగర్ వద్ద అమరుడయ్యారు. మహావీర చక్ర పొందారు. ఢిల్లీలో జామియా మిలియా పక్కన ఆయన సమాధి ఉంది. కెప్టెన్ హనీఫుద్దీన్ ఢిల్లీ శివాజీ కాలేజీలో డిగ్రీ చదివి ఆఫీసరయ్యారు. 1999 జూన్‌లో కార్గిల్ యుద్ధంలో తుర్తుక్ ప్రాంతంలో నేలకొరిగి, వీరచక్ర పొందారు. ఆయన పార్థివదేహాన్ని వెంటనే తేలేకపోయారు. దానికోసం ఇంకొకరి ప్రాణం ప్రమాదంలో పడకూడదని ఆయన తల్లి చెప్పారు. ఈ ఉద్యోగంలో జీతం, గౌరవంతోపాటు ఇదీ ఉంది. పిల్లవాడితోపాటు ఇల్లంతా తెలుసుకుని ఒప్పుకోవలసిన విషయం.

సైన్యంలో మత గురువులుగా మౌల్వీల పోస్టులు ఉన్నాయి. గడ్డానికి మాత్రం సాధారణంగా అనుమతి ఉండదు. ఇదీ ముందే చెబుతున్నాం.

దాతలకు మా విన్నపం

పై లెక్క చూస్తే డబ్బు ఎక్కడ కావాలో తెలుస్తుంది. పరీక్ష ఫీజు దగ్గర కాదు. డిగ్రీ అయిన మరుసటి నెల నుంచే ఇంటి పెద్దకొడుకు సంపాదించాలి. మన టైర్ల షాపు అబ్బాయిని ఆపింది అదే. పరీక్షకు కావలసిన ఆ ఒక్క ఏడాది అతని ఇల్లు అతనికి ఇవ్వలేకపోయింది.

అందుకే మూడు మార్పులు చేశాం. మొదటిది, డిగ్రీ మొదటి ఏడాది దరఖాస్తులోనే పుట్టిన తేదీ పక్కన ఆఫీసరు పరీక్షల వయోపరిమితి ముగిసే సంవత్సరం రాసి, పిల్లవాడికి చూపిస్తున్నాం. రెండోది, ఎన్‌సీసీలో చేరమనీ, రోజూ ఇంగ్లీషు పత్రిక చదివి పరుగెత్తమనీ మొదటి ఏడాది నుంచే చెబుతున్నాం. మూడోది మీ చేతుల్లో ఉంది. ఇంటి ఖర్చుకు ఒక ఏడాది నెలనెలా ఆసరా ఇవ్వడానికి జకాత్‌తో కలపని వేరే నిధి కావాలి. ఎంపిక కాకపోయినా ఆ సొమ్ము తిరిగి అడగం. ఆ ఇంగ్లీషు, ఆ క్రమశిక్షణ బ్యాంకు పరీక్షలోనూ, పోలీసు నియామకాల్లోనూ పనికివస్తాయి.

ఆ యువకుడు ఇప్పుడు ఆదివారం ఉదయాల్లో ఎన్‌సీసీ పిల్లలకు మైదానంలో పరుగు నేర్పుతున్నాడు. తమ్ముడు డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నాడు. అతని ఫారం మీద సంవత్సరం రాసిపెట్టాం.